గోడ పోయినా పోని నీడ

ఆదివారం పొద్దున్నే మేరిమిట్ట చర్చి ఊడ్చేది అలివేలమ్మ. పీఠం కాడ మొదలుపెట్టి పెద్ద వాకిలి దాకా ఊడ్చుకుంటూ వస్తుంది. నడిమధ్యన గోడ నీడ వచ్చేసరికి చీపురు వెనక్కి తిప్పుకుంటుంది. ఆ పక్క ఊడ్చేందుకు పై వీధోళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారు.

గోడంటూ ఇప్పుడేమీ లేదు. అలివేలమ్మ నాయన కాలంలోనే బిషప్ గారు దగ్గరుండి పడగొట్టించారు. రాళ్ళు ప్రహరీకి పోయాయి, నీడ మాత్రం పోనంది. పగలైనా, ట్యూబులైట్లు వేసినా, వాకిలి నుంచి పీఠం మెట్టు దాకా మూరెడు వెడల్పున నల్లగా పడుకునే ఉంటుంది. కొత్తగా పాలరాయి పరిపిస్తే రాయి మీదికెక్కి పడుకుంది. నీడకు కుడి పక్క పై వీధోళ్ళు, ఎడమ పక్క కింద వీధోళ్ళు. కుడి పక్కోళ్ళు ఇటొస్తే అది ఉత్త నీడే. ఎడమ పక్కోళ్ళు అటు పోబోతే మాత్రం గోడ! ఇదేం న్యాయమని ఎవర్నైనా అడగండి, "నీడుండాది గదప్పా, ఏం జేసేది?" అని చాప పరుచుకుంటారు.

చర్చి కథ ఊరందరికీ నోటికొచ్చు. ఎన్నో తరాల కిందట సముద్రం దాటి ఒక ఫాదర్ వచ్చాడట. కాషాయం కట్టి, మాంసం మాని, తెలుగు నేర్చుకుని ప్రార్థన చెప్పాడట. చర్చి కడదామనేసరికి, మధ్యలో గోడ ఉంటేనే లోపలికొస్తామని పై వీధోళ్ళు పట్టుబట్టారట. పాపం, ఆయన ఏడ్చి మరీ ఒప్పుకున్నాడట. ఏడిస్తే ఏం లాభం, ఒప్పుకున్నాడుగా! సున్నంలో బెల్లమూ కరక్కాయా కలిపి నూరి ఆ గోడ లేపింది కింద వీధి ఆడోళ్ళు. ఈ ముక్క మాత్రం పై వీధిలో ఎవరూ చెప్పరు. అలివేలమ్మ తన కూతురు కోమలికి చెప్పింది.

కోమలి బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది. తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. ఈ ఆదివారమే జ్ఞానస్నానం. నీళ్ళుండే రాతి తొట్టి కుడి పక్కనుంది. కింద వీధి బిడ్డలకైతే, ఫాదర్‌కు సాయంగా ఉండే పై వీధి ఉపదేశి దేవరాజులు చెంబుతో నీళ్ళు ముంచి ఇవతలికి తెస్తాడు, ఫాదర్ ఇటొచ్చి పోస్తారు. అలివేలమ్మకూ అట్లే పోశారు, కోమలికీ అట్లే పోశారు.

"నా బిడ్డకు చెంబు నీళ్ళొద్దు. తొట్టి కాడే పోయించుకుంటా," అంది కోమలి.

"నీకేమన్నా పిచ్చి పట్టిందామ్మే? మీ మామ మునిచంద్ర నీడలో కాలు పెట్టి నుదురు పగలగొట్టుకున్యాడు, మర్సిపోయినావా?" అని అలివేలమ్మ నెత్తి కొట్టుకుంది.

"మామ దొంగమాదిరి దాటబోయినాడు. నేను అడిగి దాటతా."

ఆదివారం పూజ అయింది. దేవరాజులు చెంబు ముంచాడు. కోమలి బిడ్డను భుజానేసుకుని నీడ అంచుకొచ్చి నిలబడింది.

"ఆడనే ఉండమ్మా, నీళ్ళు తెస్తాండా గదా," అన్నాడాయన.

"నువ్వు తేవద్దు పెద్దయ్యా. నేనే వస్తాండా."

"యాడికొచ్చేది? మా తాతల కాలం నుంచీ..."

"మీ తాతల కాలంలో ఈ గోడ కట్టిందెవురు? మీ ఇంటి ఆడోళ్ళు ఒక్క తట్ట సున్నం మోసినారా?"

కొత్తగా వచ్చిన ఫాదర్ జయరావు ఇవతలికి రాబోతూ తొట్టి కాడే ఆగారు. కోమలి, కొట్టంలో అడ్డంగా పడుకున్న ఆవును అదిలించినట్టు నీడను అదిలించింది.

"ఏమే, నిన్నే! మా అవ్వోళ్ళ అరచేతులు బొబ్బలెక్కితే లేచినావు నువ్వు. కట్టినోళ్ళకే అడ్డం పడతావా? సిగ్గు లేదా? జరుగు!"

నీడ కదల్లేదు. పై వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. కోమలికి ఒళ్ళు మండిపోయింది. తగిలితే ముందు తన నుదురే తగలాలని బిడ్డను వీపు పక్కకు జరుపుకుని, కాలు ముందుకేసింది.

ఏమీ తగల్లేదు. బస్సులో పక్కామెకు చోటిస్తూ కొంగు దగ్గరికి లాక్కున్నట్టు నీడ అటూ ఇటూ సర్దుకుంది. మధ్యలో వాకిలంత వెలుతురు పడింది. పచ్చి సున్నం, బెల్లం వాసన గుప్పుమంది. కోమలి అందులోంచి నడిచి పోయింది. ఆమె వెనక అలివేలమ్మ, అలివేలమ్మ వెనక కింద వీధంతా. చెంబు పట్టుకుని నిలబడ్డ దేవరాజుల్ని ఎవరూ ఏమీ అనలేదు, ఆయన కోసం ఎవరూ ఆగనూ లేదు.

ఫాదర్ తొట్టిలోంచే దోసిలితో నీళ్ళు తీసి పాప తల మీద పోశారు. పాప గుక్కపట్టి ఏడ్చింది.

"ఊరుకోబెట్టమ్మా, చర్చిలో ఏందా అరుపులు?" అంది పై వీధి ఆమె ఒకతె.

"ఊరుకోబెట్టను. ఇన్ని తరాల్లో మా బిడ్డ ఒక్కటీ ఈ తొట్టి కాడ ఏడ్చిందే లేదు. ఏడవనీ!" అంది కోమలి.

ఫాదర్ ఇంకో దోసెడు పోశారు. పాప ఇంకా గట్టిగా ఏడ్చింది.