మామయ్యగారి కాఫీపొడి

ఉద్యోగంలో శిక్షణ కోసం భార్య కొన్ని నెలలు వేరే ఊరు వెళ్లడంతో, ఆ రెండు గదుల ఇంట్లో లిఫ్టు మెకానిక్కూ అతని మామగారూ మిగిలారు. మామగారు జీవితమంతా అచ్చాఫీసులో పనిచేసి రిటైరై, ఈమధ్యే కూతురింటికి వచ్చిన మనిషి. ఇద్దరూ మంచివాళ్లే గానీ, మొహమాటం పాలు కాస్త ఎక్కువ. "భోంచేశారా?" "చేశాను, మీరు?" అంతటితో మాటలు అయిపోయేవి.

పొద్దున్నే కాఫీ పెట్టే పనిని మామగారు తనంతట తానే నెత్తినేసుకున్నారు. వచ్చీ రాగానే కిలో పొడి తెచ్చి, కాగితం పొట్లానికి రబ్బరుబ్యాండు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టారు. పాలను కాపాడేది పొడిని కాపాడదా అని ఆయన ధీమా. మొదట్లో కాఫీ అమృతంలాగే ఉంది. తర్వాత ఉల్లిపాయ వాసన వేసింది. ఆ పైన వెల్లుల్లి కూడా వచ్చి చేరింది.

అల్లుడు కక్కలేక మింగలేక సతమతమయ్యాడు. "నాన్న మనసు నొప్పించకండి" అని భార్య మరీ మరీ చెప్పి వెళ్లింది. అందుకే రోజూ "బ్రహ్మాండం మామయ్యగారూ" అంటూ గ్లాసు పట్టుకుని స్నానాల గదిలోకి పోయి ఒంపేసేవాడు.

ఒకరోజు వీధి మలుపుదాకా వెళ్లి, టెస్టర్ మరచిపోయానని వెనక్కి వచ్చాడు. బాల్కనీలో మామగారు వంగి గులాబీ కుండీలో కాఫీ పోస్తున్నారు!

అల్లుణ్ణి చూసి ఉలిక్కిపడ్డారాయన. "అబ్బే, మొక్క వాడినట్టుంటేనూ..."

"పాలూ పంచదారతో సహానా మామయ్యగారూ?"

ఆయన తేరుకున్నారు. "మరి మీరు రోజూ కాఫీ గ్లాసుతో స్నానానికి ఎందుకెళ్తారో చెప్పండి?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పొట్టచెక్కలయ్యేలా నవ్వారు.

పొట్లం విప్పితే పొడి అక్కడక్కడా గడ్డకట్టి ఉంది.

"చల్లటి సామాను బయటికి తీస్తే చెమ్మ పడుతుంది" అన్నాడు అల్లుడు. "రోజూ తీసి పెడుతుంటే ఆ చెమ్మనీ, పక్కనున్న వాసనల్నీ ఇది పీల్చేసింది."

"గాలి కూడా తగిలింది. అచ్చాఫీసులో సిరా డబ్బా మూత సరిగ్గా బిగించకపోతే మర్నాటికి పైన మీగడ కట్టేది. ఆ బుద్ధి ఇక్కడేమైందో నాకు!" అని నొచ్చుకున్నారు మామగారు.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి కొట్టుకు వెళ్లి, మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బా, వారానికి సరిపడా పొడి తెచ్చుకున్నారు. పొయ్యికి దూరంగా, ఎండ తగలని అలమరలో పెట్టారు. తడి చెంచా ముంచితే ఊరుకునేది లేదని మామగారు శాసనం చేశారు. మర్నాడు ఇద్దరి గ్లాసుల్లోనూ చుక్క మిగల్లేదు.

పొడి కొద్దికొద్దిగా తెచ్చుకోవడంతో వారం వారం కలిసి నడిచేవారు. నడకతోపాటు మాటలూ సాగేవి. ఇన్నేళ్లుగా లిఫ్టు ఎక్కుతున్నా దాన్ని లాగేదేమిటో తానెప్పుడూ చూడలేదని ఒకసారి మామగారన్నారు. తర్వాతి సెలవురోజున అల్లుడు ఆయన్ని తాను పనిచేసే భవనం పైనున్న మోటారు గదికి తీసుకెళ్లాడు. పెద్ద చక్రం మీద ఉక్కుతాళ్లు జారిపోతుంటే ఆయన నోరు తెరుచుకుని చూస్తుండిపోయారు.

అంతలో కూతురి ఫోను. "నాన్నా, ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకుంటున్నారా, మౌనవ్రతమేనా?"

"మళ్లీ చెయ్యమ్మా" అన్నారాయన, చక్రం మీంచి చూపు తిప్పకుండా. "మీ ఆయన బ్రేకు ఎలా పడుతుందో చూపిస్తున్నాడు."