మామగారి బ్రష్షు

గీయడం అనే మాటకి బోర్డులాయన లెక్కలో ఒకటే అర్థం. రేకు మీదో గోడ మీదో అక్షరం గీయడం. గడ్డం గీసుకోవడం అని ఇంకోటి ఉందని తెలియక కాదు, దానితో ఆయనకి మాటల్లేవు. వయసులో ఉన్నప్పుడు మూడు బ్లేడ్ల రేజరు మొహానికి పెట్టినప్పుడల్లా తెగిన వెంట్రుక వెనక్కి తిరిగి చర్మంలోకే దూరేది. చెంపల నిండా పొక్కులు లేచి, అద్దంలో చూసుకుంటే తుప్పు పట్టిన రేకు కనిపించేది. నీకో దండం అని రేజరు పారేసి గడ్డం పెంచాడు. ఆ గడ్డంతోనే పెళ్ళి చేసుకున్నాడు. ఆ గడ్డమే ఇప్పుడు సగం సున్నం కొట్టిన గోడలా తయారైంది.

బోర్డుల పని ఎప్పుడో పోయింది. మీట నొక్కితే మిషన్లోంచి మనిషంత అక్షరాలు జారి పడుతున్నాయి. వాటికి ముక్కూ మొహమూ ఉండవు. అయినా అడిగేదెవరు? దుకాణం ఎక్కడుందో తెలిస్తే చాలు జనానికి. అక్షరం మెలిక తిరిగిందో మెడ విరిగిందో వాళ్ళకెందుకు? ఈ ముక్క బోర్డులాయన రోజూ అంటాడు. వినేవాళ్ళు లేకపోతే గోడతో అంటాడు.

ఇన్నాళ్ళకి ఒక పని కాళ్ళ దగ్గరికొచ్చింది. కార్లకి రంగు కొట్టే షెడ్డులో ఫోర్‌మన్ ఆయన చేతి పనితనం చూసి ముచ్చటపడ్డాడు. పడి, వెంటనే గడ్డం వంక చూశాడు.

"ఈ గడ్డంతో మాస్కు మొహానికి అతుక్కోదు పెద్దాయనా. సందుల్లోంచి ఆవిరి పోయి లోపల ఊపిరితిత్తులకి కూడా రంగేస్తుంది. సోమవారం మాస్కు పరీక్ష పెడతాం. నున్నగా రండి."

"గీస్తే పొక్కులొస్తాయి."

"పొక్కులున్నా మాస్కు బిగవదు. పరీక్ష తప్పితే వేరేవాళ్ళని చూసుకోవాలి. ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోకండి అన్నవాళ్ళ గురించి బోర్డులాయన చాలా అనుకుంటాడు. దారి పొడుగునా అనుకుంటూనే ఇంటికొచ్చాడు.

"మా నాన్ననడగండి," అంది భార్య, కూర తరుగుతూ తల కూడా ఎత్తకుండా.

"ఇంకెవరూ దొరకలేదా నీకు?"

"ఆయన మొహం మీద ఈగ వాలినా జారి పడుతుంది. ఒక్క పొక్కు చూశారా ఎప్పుడైనా? అడిగితే నోటి ముత్యాలేం రాలిపోవు."

మామగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. కూతురి ఇంట్లోనే ఉంటాడు. రోజూ పొద్దున్నే పాతకాలపు రేజరు, సబ్బు గిన్నె, ఎముక రంగు పిడి ఉన్న బ్రష్షు ముందేసుకుని కూర్చుంటాడు. ఆ బ్రష్షుని ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. అల్లుడితో ఆయనకి గొడవేమీ లేదు. అదే అసలు గొడవ. కూతురు ఈ గడ్డం పెయింటరుని చేసుకుంటానన్న రోజున కాబోయే అల్లుడితో "మీ ఇష్టం అండీ" అన్నాడు. ఆ "అండీ" మీద నుంచి ఇంతవరకూ కిందికి దిగలేదు. మనిషిని దూరంగా నిలబెట్టాలంటే తిట్టక్కర్లేదు, మర్యాద చేస్తే చాలునని ఆయనకి బాగా తెలుసు.

బోర్డులాయన గొంతు సవరించుకుని సంగతి చెప్పాడు. మామగారు పేపరు మడిచాడు.

"అల్లుడుగారికి మన అవసరం పడిందన్నమాట. పదండి, ఫ్యాన్సీ షాపుకి వెళ్దాం."

షాపు ఇరుకు. దువ్వెనలు, రిబ్బన్లు, అద్దాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. కౌంటరు వెనక ఉన్నావిడ బ్లేడ్ల పొట్లాలు పరిచింది.

"అన్నిట్లోకీ పదునైంది ఇవ్వండి," అన్నాడు బోర్డులాయన.

"వద్దమ్మా," అన్నాడు మామగారు. "వారికి పదునంతా మాటల్లో ఉంది. బ్లేడు కాస్త మెత్తనిది ఇవ్వు."

షాపావిడ నవ్వు ఆపుకోలేదు. బోర్డులాయన మండిపడ్డాడు. "మెత్తని బ్లేడేంటి? తెగకపోతే బ్లేడెందుకు?"

"తెగుతుందండీ. పదునుంటుంది, పొగరుండదు. మొదటిసారి చేతికి అదే మంచిది."

సబ్బుల దగ్గర బోర్డులాయన చెయ్యి తిన్నగా రంగురంగుల నురగ డబ్బా మీదికి పోయింది. దాని మీద ఒకడు మెడదాకా నురగలో మునిగి పళ్ళికిలిస్తున్నాడు. మామగారు దాన్ని నెమ్మదిగా పక్కకి జరిపాడు.

"ఇది మన కుళాయి నీళ్ళకి పనికిరాదు. ఉప్పునీళ్ళలో బట్టల సబ్బే నురగ రాక ఏడుస్తుంది. కొవ్వు ఎక్కువుండే గట్టి సబ్బు తీసుకుందాం. తాగే నీళ్ళు వేడి చేసి వాడండి. వాసన లేనిదివ్వమ్మా, వారిది అసలే అలిగే చర్మం."

ఇక బ్రష్షులు. ఇక్కడ మాత్రం బోర్డులాయన మామగారిని నోరు విప్పనివ్వలేదు. బ్రష్షులు తెలియకపోతే ఇంక తనకేం తెలిసినట్టు? ఒక్కొక్కటీ తీసి కుచ్చుని బొటనవేలితో వంచి వదిలాడు. ఒకటి వంగి అలాగే పడుకుంది. "దీనికి ప్రాణం లేదు." ఇంకోటి చీపురులా గుచ్చుకుంది. "దీనితో గోడకి సున్నం వెయ్యొచ్చు." షాపావిడని గ్లాసు నీళ్ళడిగి, అందులో ముంచి, విదిలించి, అరచేతి మీద తిప్పి చూశాడు. నల్ల పిడి దానికి కుచ్చు మధ్యలో నిండుగా ఉంది. తడిని పట్టుకుని, నొక్కితేనే వదులుతోంది.

"కుంచెకి కడుపుండాలి. ఇదీ కుంచె!"

మామగారు దాన్ని తీసుకుని తనూ వంచి చూశాడు. ఏమీ అనలేదు. బాగాలేకపోతే ఊరుకునే మనిషి కాదు కాబట్టి బోర్డులాయన ఆ మౌనాన్ని జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు.

ఆదివారం ముందుగా కత్తెరతో గడ్డం కురచ చేసి, పెరట్లో అద్దం ముందు కూర్చున్నాడు. భార్య గుమ్మంలో చేరింది. నురగ మటుకు మొదటి దెబ్బకే వెన్నలా లేచింది. బ్రష్షు తిప్పడం ఆయనకి ఒకరు నేర్పాలా? రేజరు దగ్గరకొచ్చేసరికి పాత అలవాటు కొద్దీ గట్టిగా నొక్కాడు. దవడ మీద ఎర్ర చుక్క పూసింది.

"నొక్కకండి. దాని బరువు చాలు. మీరు దారి చూపించండి అంతే," అన్నాడు మామగారు. "ముందు వెంట్రుక వాలుకి. మళ్ళీ నురగ రాసి అడ్డంగా. ఎదురు మాత్రం వెళ్ళకండి, మీ పొక్కులన్నీ అక్కడే పుడతాయి."

"అంటే మొదటి కోటు, రెండో కోటు."

"మీ భాషలో అంతే అనుకోండి."

కోటు అనేసరికి చేతికి దారి తెలిసింది. అక్షరం చివర సన్నగీత లాగేటప్పుడు చిటికెనవేలు ఆనించి, ఊపిరి బిగబట్టి, కుంచెని తేలిగ్గా జార్చినట్టే రేజరుని జార్చాడు. కరకరమని సన్నగా చప్పుడు. రెండో కోటు అయ్యాక కడుక్కుని చూస్తే మొహం పైసగం గోధుమ రంగు, కిందిసగం పాలతెలుపు.

"అయ్యయ్యో, సగంలో ఆపేసిన బోర్డులా ఉన్నారు!" భార్య పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి, చెంప తడిమి చూసింది. "ఇన్నాళ్ళూ ఎవరితో కాపరం చేశానో ఇప్పుడు తెలిసింది."

సాయంత్రం దాకా ఒక్క పొక్కు లేవలేదు. బోర్డులాయన హుషారుగా సామాను కడిగి సర్దాడు. మర్నాడు పొద్దున్నే ఇంకోసారి గీస్తే పరీక్షకి సిద్ధం.

మర్నాడు నురగ రాసుకుని మొదటి కోటు లాగాడో లేదో, చెంపలు భగ్గుమన్నాయి. బ్లేడు మొండిదైందేమో అనుకున్నాడు. రెండో కోటుకి నురగ రాసేసరికి ఎవరో మొహం మీద కారం చల్లినట్టయింది. పేపరు చదువుకుంటున్న మామగారి ముక్కుపుటాలు అదిరాయి. ఒక్క ఉదుటున లేచాడు.

"ఒరేయ్, ఆగరా! రాయకు! ఆ బ్రష్షు ఎక్కడ పెట్టావురా రాత్రి?"

"ఎక్కడ పెడతాను, కడిగి డబ్బాలో..." బోర్డులాయన డబ్బా వంక తిరిగి చూశాడు. బ్రష్షు అన్నాక పని అయిపోగానే చెయ్యి దాన్ని తీసుకెళ్ళి రంగు వదిలించే టర్పెంటైన్ డబ్బాలో నిలబెడుతుంది. ముందునుంచీ అదే అలవాటు. నిన్న కూడా మిగతా కుంచెల మధ్య దీన్నీ నిలబెట్టింది. పొద్దున తీసి మామూలుగా గుడ్డకి తుడిచింది. ఆ వాసన ఆయన ముక్కుకి వాసనే కాదు, ఇంటి గాలి.

"గోడలకి పెట్టేది మొహానికి పెట్టుకున్నావురా తెలివిగలవాడా! కడుక్కో! సబ్బు పెట్టి కడుక్కో! రుద్దకు!" మామగారు చెంబుతో నీళ్ళు గుమ్మరిస్తూనే ఉన్నాడు. ఎర్రదనం కొంచెం తగ్గింది. ఉబ్బలేదు. కానీ చెంపలు ఒక కోటు మీదే ఉన్నాయి, బరకగా. రాయడానికి బ్రష్షు లేదు.

మామగారు లోపలికెళ్ళి వచ్చాడు. చేతిలో ఎముక రంగు పిడి.

"పట్టు. ఊరికే చూస్తావేంటి, పరీక్షకి టైమవుతోంది."

భార్య గరిటె పట్టుకుని గుమ్మంలో కొయ్యబారిపోయింది. బోర్డులాయన దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. ఎంత మెత్తగా ఉందంటే, నురగ రాస్తున్నట్టు లేదు, ఎవరో సముదాయిస్తున్నట్టుంది. కుచ్చులోంచి రెండు మూడు వెంట్రుకలు ఊడి చెంపకి అంటుకున్నాయి. అది కూడా ఆయన కన్ను దాటిపోలేదు.

షెడ్డులో మాస్కు బిగించి, తల మీదుగా పారదర్శకమైన సంచి లాంటిది తొడిగారు. ఫోర్‌మన్ చిన్న పంపుతో అందులోకి ఏదో మందు చిమ్మాడు.

"ఇది చేదు మందు. మాస్కు ఎక్కడైనా సందిస్తే నాలిక్కి తగులుతుంది. తగిలితే చెయ్యెత్తండి. ఊరికే ఉండకండి, తల తిప్పుతూ ఏదైనా పైకి చదవండి."

ఎదురుగా చదవడానికి షెడ్డు ఫ్లెక్సీ ఒక్కటే ఉంది. బోర్డులాయన చదివాడు. చదివిందే మళ్ళీ చదివాడు. పై వరస లావు, కింది వరస సన్నం, ఒక ఒత్తు తప్పు, ఒక దీర్ఘం గాలికి పోయింది. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, పైకి చూశాడు. ఫోర్‌మన్ ఇంకాస్త చిమ్మాడు.

"చేదుగా ఉందా?"

"నోట్లో లేదు. ఆ బోర్డు చూస్తేనే."

ఫోర్‌మన్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి సంచి తీసేశాడు. "బోర్డు సంగతి తర్వాత చూద్దాం. రేపట్నుంచి పనిలోకి రండి."

ఇంటికొచ్చేసరికి మామగారు వాకిట్లోనే ఉన్నాడు. పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు.

"ఏమైందండీ..." అని, ఒక్క క్షణం ఆగి, "ఏమైంది?" అన్నాడు.

"అయింది మామయ్యా. రేపట్నుంచే."

"ఊఁ," అన్నాడాయన, పేపరు సరిగ్గా తిప్పుకుంటూ.

బోర్డులాయన జేబులోంచి గుడ్డలో చుట్టిన బ్రష్షు తీశాడు. "దీని మొదలు వదులైంది. లోపలి జిగురు ఎండిపోయింది. ఇలాగే వాడితే కుచ్చంతా ఊడొస్తుంది. నాకివ్వండి, దారం చుట్టి బిగించి ఇస్తాను."

మామగారు బ్రష్షు వంకా, పెరట్లో వరసగా ఉన్న రంగు డబ్బాల వంకా, అల్లుడి పాలతెలుపు చెంపల వంకా మార్చి మార్చి చూశాడు.

"ఇస్తాను. కానీ ఒక మాట. దాన్ని ఆ దిక్కుమాలిన డబ్బాలో ముంచావంటే..."

"ముంచను."

"ముంచావంటే మళ్ళీ 'అల్లుడుగారూ' అని పిలుస్తాను."