కొత్తది, వాడలేదు

నేను ఒక బాణానికి తోకను. తోక అనగానే మీ మొహంలో ఆ చిన్నచూపు నాకు కనిపిస్తూనే ఉంది. అందరూ బాణం మొనను చూస్తారు, లేదంటే అది దిగిన చోటును చూస్తారు. వింటినారి వచ్చి వీపు మీద చరిచే దెబ్బ తినేది మాత్రం నేను. చదువుకున్నవాళ్లు నన్ను పుంఖం అంటారట. మైదానంలో అందరూ నాక్ అంటారు. మా ఇంట్లో ‘ఆ లైటు ముక్క’. పోనివ్వండి, పేరు కోసం నేనెప్పుడూ ఏడవలేదు. పని చెప్పరే అన్నదే నా ఏడుపు.

నా పనేమిటో ముందు చెప్పకపోతే నా మంట మీకు అర్థం కాదు. క్రాస్‌బో అని ఒక విల్లుంది. తుపాకీలా భుజానికి ఆనించి కొడతారు. విల్లు అడ్డంగా ఉంటుంది. నారిని రెండు చేతులా వెనక్కి లాగి గొళ్లేనికి తగిలిస్తారు, గాడిలో పొట్టి బాణం పెడతారు, మీట నొక్కుతారు. బాణం పోయే వేగానికి మనిషి కన్ను ఆనదు. అందుకని ఎవరో పుణ్యాత్ముడు నన్ను కనిపెట్టాడు. నా పొట్టలో బియ్యపుగింజంత దీపం, అగ్గిపుల్ల ముక్కంత బ్యాటరీ ఉంటాయి. నారి కొట్టగానే లోపలికి నొక్కుకుపోయి ఎర్రగా వెలుగుతాను. బాణం పోయిన దారంతా గాలిలో ఎర్రగీత పడుతుంది. గీత తిన్నగా ఉంటే బాణం తిన్నగా పోయినట్టు. వంకరలు తిరిగితే నారి వదిలిన దగ్గరే ఏదో తేడా జరిగినట్టు. ఆర్పాలంటే పక్కనున్న సన్న బెజ్జంలో సూదిమొన దూర్చి నన్ను కాస్త వెనక్కి లాగాలి. అంతే సంగతి.

ఇదంతా నాతోపాటు డబ్బాలో వచ్చిన కాగితం మీద బొమ్మలతో సహా ఉంది. దాచేటప్పుడు ఆర్పి దాచండి, బాణానికి బిగించి దాచకండి, బ్యాటరీ విడిగా తీసి ఉంచండి అని కూడా ఉంది. మా ఇంట్లోవాళ్లు ఆ కాగితం పారేసి ఖాళీ డబ్బాను భద్రంగా అటక మీద పెట్టారు. ఏం చెప్పమంటారు? తల కొట్టుకుందామంటే నాకు తలా లేదు, చేతులూ లేవు.

నేను పుట్టిన షెడ్డులో తలకు గుడ్డ కట్టుకున్న ఒకావిడ మమ్మల్ని ఒక్కొక్కరినీ బొటనవేలితో నొక్కి చూసేది. నన్నూ నొక్కింది. వెలిగాను. ‘ఊఁ’ అని ఆర్పి, బ్యాటరీ దగ్గర చిన్న కాగితం ముక్క అడ్డంపెట్టి, మరో ఇద్దరితో కలిపి డబ్బాలో పడేసింది. ఆ ఒక్క క్షణం రుచి చూపించి డబ్బా మూసేయడం ఎంత అన్యాయమో ఆవిడకేం తెలుసు.

మమ్మల్ని కొన్నది సుగుణకుమారి. నూజివీడు వైపు పల్లెవెలుగు బస్సులో కండక్టరు. బస్సులో ఎవరో మరిచిపోయిన విల్లుసంచీని అప్పగించడానికి ఊరి చివర మామిడితోటలోని మైదానానికి వెళ్లి, ‘ఒక్కసారి కొట్టి చూడనా?’ అని అడిగిందట. ఆ తర్వాత ఆవిడకు సెలవుదినం అన్నది లేకుండా పోయింది. మంచి గురి. కానీ పది బాణాల్లో ఆరేడు నడిబొడ్డున దిగితే, మిగతావి జానెడు కుడికి పోయేవి.

మైదానం నడిపే వజ్రయ్య మాస్టారు రిటైరైన డ్రిల్లు టీచరు. ఆయన మాటంటే మాటే.

“నీ వేలు బెదురుతోందమ్మాయ్. మీట నొక్కేటప్పుడు ఉలిక్కిపడతన్నావు.”

“నేను ఉలిక్కిపడితే నాకు తెలవదా మాస్టారూ?”

“ఉలిక్కిపడేవాళ్లకి ఎప్పుడూ తెలవదమ్మా. చూసేవాళ్లకే తెలుస్తది.”

తాగి గొడవ చేసేవాణ్ణి చొక్కా పట్టుకుని బస్సులోంచి దింపేసే మనిషిని పట్టుకుని బెదురు అంటే ఎలా ఉంటుంది చెప్పండి. అలాగని ఇంకొకరి చేత ఆ విల్లు కొట్టించి చూద్దామంటే కుదరదు. ఎవరి విల్లు వాళ్లే ముట్టుకోవాలి, ఎవరి విల్లు వాళ్లే కొట్టాలి. ఒకప్పుడు ఎవరిదో విల్లు ఇంకెవరో ఎక్కుపెట్టబోయి వేలు పోగొట్టుకున్నారట. ఆ రోజు నుంచి అది మైదానంలో శాసనం. రాష్ట్ర జట్టుకు ఈ మైదానం నుంచి ఆడవాళ్లలో ఒక్కరి పేరే పంపుతారు. మొదటి ఏడు ఎంపికలో మాస్టారు సుగుణ పేరు పక్కన ‘బెదురు’ అని రాసి పక్కనపెట్టారు. ఆవిడకు జట్టులో చోటు పోయినందుకంటే ఆ మాటకే ఎక్కువ కోపం వచ్చింది. బాణం దారి కంటికి కనిపిస్తే నిజం తేలుతుందని మమ్మల్ని తెప్పించింది. అంటే నేను సాక్షిని. సాక్షిని బోనెక్కించకుండా ఎలా దాచారో వినండి.

ఆవిడ భర్త కోటిలింగం విత్తనాల గోడౌనులో స్టోర్‌కీపరు. చాలా మంచివాడు, అదే వచ్చిన చిక్కు. ఏ వస్తువు కనపడినా కవర్లో పెడతాడు, కవరును డబ్బాలో పెడతాడు, డబ్బా మీద స్కెచ్‌పెన్నుతో పేరు రాస్తాడు. ఇంట్లో టీవీ రిమోటుకు కవరు. కుర్చీలకు కొన్ననాటి ప్లాస్టిక్కు ఇంకా ఊడలేదు, కూర్చుంటే కరకరలాడుతుంది.

మా పెద్దన్నను ఈయన సరిపోయిందో లేదో చూద్దామని, అడ్డంగా ఉన్న కాగితం ముక్క పీకేసి, బాణానికి గట్టిగా నొక్కి బిగించాడు. గట్టిగా నొక్కితే వెలుగుతాం కదా. పగటి వెలుతురులో ఆయన చూసుకోలేదు. బాణాన్ని పెట్టెలో పెట్టి, పెట్టెను మంచం కింద పెట్టాడు. చీకట్లో ఒక్కడూ, చూసే దిక్కులేకుండా, నాలుగు రోజులు వెలిగి చచ్చాడు మా అన్న.

రెండోవాడిది ఇంకా ఘోరం. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ “ఏదీ, వెలిగించండి చూద్దాం!” అనేవారే. ఒకసారి కోటిలింగం మేనత్త వచ్చింది. వాడిని వెలిగించారు, మళ్లీ ఆర్పడం ఎవరికీ చేతకాలేదు. మేనత్త ప్రమిదను ఆర్పినట్టు ఉఫ్ ఉఫ్ మని ఊదింది. తడిగుడ్డ కప్పండి అన్నారు ఎవరో. డ్యూటీ నుంచి వచ్చిన సుగుణ చూసి, గాజులకు వేలాడుతున్న పిన్నీసు తీసి బెజ్జంలో దూర్చి ఆర్పింది. అప్పటికే వాడి పని అయిపోయింది. గాలిలో ఒక్క గీతైనా గీయకుండానే, కాఫీలు తాగేవాళ్ల ముందు ఆరిపోయాడు.

మిగిలింది నేను. కోటిలింగం చెంపలేసుకున్నాడు. “దీన్నైనా జాగ్రత్తగా ఉంచుతా సుగుణా” అని నన్ను చిన్న సీసాలో పెట్టి, చీటీ అంటించి, దాని మీద గుండ్రటి అక్షరాలతో రాశాడు: ‘కొత్తది, వాడలేదు.’ బీరువా లాకరులో రేషను కార్డుకూ పెళ్లి ఫొటోకూ మధ్య పెట్టి తాళం వేశాడు. తర్వాత ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు.

రెండేళ్లు! ఇల్లంతా వెతుకుతున్న చప్పుడు వినిపించేది. కొత్తవి తెప్పిద్దామంటే ‘ఇంట్లోనే ఉంది కదా’ అనేవాడు కోటిలింగం. సుగుణ మైదానం నుంచి వచ్చి “ఇవాళ కూడా బెదురేనంటండీ” అన్న మాట వినిపించేది. ఒళ్లు మండిపోయేది నాకు. వెలగడానికి పుట్టినదాన్ని, మండటం ఒక్కటే మిగిలింది. ఇక్కడున్నానని అరుద్దామంటే నోరు లేదు. సీసా లోపలి నుంచి ఆ చీటీ మీది అక్షరాలు తిరగబడి కనిపిస్తూ ఉండేవి. కొత్తది, వాడలేదు. మనుషులకు అదొక గొప్ప. నాకు అంతకంటే సిగ్గుమాలిన బిరుదు లేదు.

మూడో ఏడు ఎంపిక దగ్గరపడింది. “ఈసారీ అదే మాట రాస్తే విల్లు అమ్మేస్తానండీ. ఇంకా ఎన్నాళ్లు పడాలి ఆ మాట?” అంది సుగుణ. ఎంపికనాటి పొద్దున ఆధార్ కార్డు తీసుకుందామని లాకరు తెరిచిన సుగుణ చేతికి నా సీసా తగిలింది. చీటీ చదివింది. మొగుణ్ణి ఒక చూపు చూసింది. ఆ చూపుకు నేను రెండేళ్లుగా ఎదురుచూస్తున్నాను.

“సీసా నేను పట్టుకొస్తాలే, ఎక్కడన్నా పడిపోద్ది” అంటూ కోటిలింగం వెంట బయల్దేరాడు.

ఆ రోజు ముసురు. వాన వల్ల పోటీ సాయంత్రానికి జరిగింది. మామిడితోటలో మబ్బు కమ్మి గురి బోర్డు మసకగా కనిపిస్తోంది. నాకు అంతకంటే ఏం కావాలి? సుగుణ కాగితం ముక్క లాగేసి, నన్ను బాణానికి తొడిగి, నారి నా గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో రెండుసార్లు చూసుకుంది. నాకు భయం పట్టుకుంది. రెండేళ్ల బ్యాటరీ, వెలుగుతుందో లేదో.

మీట నొక్కింది. వీపు మీద దెబ్బ పడింది. అమ్మయ్య, వెలిగాను! కానీ తిన్నగా పోవడం నా వల్ల కాలేదు. నారి నన్ను నడుం మధ్యన కాకుండా ఒక పక్క నుంచి నెట్టింది. మొన ముందుకు, నేను పక్కకు, మళ్లీ ఇటు, మళ్లీ అటు. గాలిలో వంకరటింకర గీత గీసుకుంటూ పోయి, బోర్డులో జానెడు కుడికి దిగాను. ఇంతకంటే స్పష్టంగా సాక్ష్యం ఎవరైనా చెప్పగలరా?

ఎవరూ చూడలేదనుకున్నానండీ. ఒక్కరంటే ఒక్కరు. అందరి కళ్లూ బోర్డు మీదే ఉన్నాయి.

“చూశావా? మళ్లీ కుడికే. వేలు బెదిరింది” అన్నారు మాస్టారు, కలం తీస్తూ.

“మాస్టారూ, అది ఊగతా పోయిందండీ” అన్నాడు కోటిలింగం. ఆయన ఒక్కడే చూశాడు. భార్య గురి కోసం కాదు. తన కొత్త వస్తువు ఎక్కడ పారేసుకుంటారో అని నా మీదే కళ్లు పెట్టుకుని నిలబడ్డాడు. “విల్లు కాడి నుంచే తోక ఊపుకుంటా పోయింది. ఒట్టు.”

“స్టోర్‌కీపరు గారూ, మీరు కాసేపు కూర్చోండి.”

సుగుణ అక్కడి నుంచి బోర్డు దాకా నడిచివచ్చింది. నన్ను ఊడబెరికి, పిన్నీసుతో ఆర్పి, తిరిగి వెళ్లింది. నారి లాగి గొళ్లేనికి తగిలించి, విల్లును బల్ల మీద మాస్టారి ముందు పెట్టింది.

“ఈసారి మీరు కొట్టండి మాస్టారూ.”

“ఎవరి విల్లు వాళ్లే...” అని మొదలుపెట్టారాయన.

“శాసనం మీది. నా పేరు పక్కన రాసిన మాటా మీదే. మీ వేలు బెదరదుగా? కొట్టండి. మిగతావాళ్లు బోర్డు చూడకండి, తోక చూడండి.”

మాస్టారు కలం జేబులో పెట్టుకున్నారు. ఎర్రబడిన మొహంతో బల్ల ముందు కూర్చుని, బాణం పెట్టి, ఊపిరి బిగబట్టి మీట నొక్కారు. మళ్లీ పక్క నుంచి దెబ్బ, మళ్లీ అదే ఊగులాట. ఈసారి అందరూ “ఓయమ్మో, ఊగింది, ఊగింది!” అని అరిచారు. నేను బోర్డు అంచును రాసుకుంటూ కుడికి పోయి, వెనక మట్టికట్టలో పీకల దాకా దిగబడ్డాను.

అక్కడి నుంచి నాకు కనిపించిందేమీ లేదు, బురద తప్ప. వినిపించింది చెబుతాను.

“నా వేలు కూడా బెదిరిందంటావా?” అన్నారు మాస్టారు. “మళ్లీ ఎక్కుపెట్టమ్మా, నే చూస్తా.” నారి గొళ్లేనికి తగిలిన చప్పుడు. “బస్సులో కడ్డీ ఏ చేత్తో పట్టుకుంటావ్?”

“ఎడం చేత్తోనండీ. కుడి చేత్తో టిక్కెట్ మిషను.”

“ఎన్నేళ్లు?”

“పంతొమ్మిది.”

“అదే. నీ ఎడం చెయ్యి బలంగా తయారైంది. అలిసిపోయినప్పుడల్లా నారిని వెంట్రుకవాసి ఎడమకి ఎక్కువ లాగుతున్నావు. మధ్య తప్పుతోంది. బెదురు కాదమ్మా. నేనే తప్పు రాశా. రెండేళ్లు.”

తర్వాత “గుర్తు పెట్టడానికేమన్నా ఉందా?” అన్న మాట, కోటిలింగం జేబులోంచి స్కెచ్‌పెన్ను మూత తీసిన టప్ చప్పుడు. నారి మీద గాడికి అటొకటీ ఇటొకటీ రెండు చుక్కలు పెట్టారు. లాగినప్పుడల్లా రెండూ సమంగా ఉన్నాయా లేదా చూసుకుంటే సరి. అంతే మందు. ఆ మాత్రానికి రెండేళ్లు!

ఆ పైన సుగుణ మూడు మామూలు బాణాలు కొట్టింది. నాకు ముందున్న బోర్డులో ఠక్, ఠక్, ఠక్. మూడు చప్పుళ్లూ ఒకే చోట నుంచి వచ్చాయి. మూడోదానికి చప్పట్లు. మాస్టారి కలం కాగితం మీద గీసుకున్న చప్పుడు నాకు వినిపించలేదు గానీ, “అమ్మాయ్, పేరు రాశా, పక్కన ఏమీ రాయలేదు” అన్న మాట వినిపించింది.

మరి నా సంగతి? అందరూ సుగుణ చుట్టూ మూగారు. నేను బురదలో వెలుగుతూనే ఉన్నాను. గెలిపించినదాన్ని మరిచిపోవడం మీకు కొత్త కాదని సరిపెట్టుకుంటున్నాను. దీపం సన్నబడింది, గోరంత అయింది. అప్పుడు గాజుల చప్పుడయింది. బురదలో మోకాళ్ల మీద కూర్చుని సుగుణ నన్ను చేత్తో తవ్వి తీసింది. చీరకొంగుతో తుడిచింది. “ఇంకా ఎలుగుతా ఉన్నావటే” అంది. నాతో మాట్లాడిన మొదటి మనిషి ఆవిడే. పిన్నీసు తీసేలోపే ఆరిపోయాను.

ఇంటికొచ్చాక కోటిలింగం నాలోంచి చచ్చిన బ్యాటరీ తీసి పారేశాడు. బెజ్జంలో మట్టి పుల్లతో గీకి, పొడిగుడ్డతో తుడిచాడు. ఏ కాగితమూ చదవకుండానే మొదటిసారి దాచాల్సిన పద్ధతిలో దాచాడు. సీసాలో పెట్టి మూత బిగించి, చీటీ చదువుకున్నాడు. స్కెచ్‌పెన్ను తీసి, ఉన్న రెండు మాటలనూ కొట్టేసి, కింద అవే గుండ్రటి అక్షరాలతో రాశాడు.

‘వాడాం.’