తోకలు చూసే అల్లుడు

ఇట్లా దగ్గరికి జరుగమ్మీ, గోడకానుకోని కూచో. గట్టిగా అరిచి చెప్పే కథ కాదిది. ఆళ్లగడ్డ శాంతమ్మ తన అల్లుని పరువు తీసి, బిడ్డ కాపురం నిలబెట్టుకున్న కథ.

శాంతమ్మ బిడ్డ అరుణకుమారిని నంద్యాలలో నతానియేలుకిచ్చి చేసినారు. ఆయన కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే అయ్యవారు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏటికి పెండ్లయి శానా నాళ్లయింది, పిల్లల్లేరు. ఆయన తల్లి ఎస్తేరు ప్రార్థనలో కూడా దేవునికి కోడలి మీద చాడీలే చెప్పేది. "క్రిస్మస్ దాంక చూస్తా, ఆ తర్వాత పిల్లను ఆళ్లగడ్డకు తోలేస్తా" అని చర్చి మెట్ల మీదనే అనేసింది.

ఆ మాట చెవినబడి శాంతమ్మ బస్సెక్కి నంద్యాలకు పోయింది. ఇంట్లో అల్లుడొక్కడే కిటికీ దగ్గర మైక్రోస్కోపులో కన్ను పెట్టుకోని ఉన్నాడు.

"ఏం చూస్తాండావ్ నాయనా?"

"మగబీజాలు అత్తా," అన్నాడు తల ఎత్తకుండానే. "తోకలెట్లా ఉండాయో చూస్తాండా."

శాంతమ్మ కూడా ఒక కన్ను మూసి చూసింది. చుక్కల్లాంటి తలలు, వెంట్రుకల్లాంటి తోకలు. ఒకటీ అరా కొట్టుకుంటాండాయి, మిగతావి కదల్లేదు.

"శానా చచ్చినాయే నాయనా!"

"అదే గదత్తా నా బాధ. ఎన్నిసార్లు చూసినా ఇంతే."

శాంతమ్మకు గుండెల మీది బండ దిగిపోయింది. లోపం బిడ్డది కాదు! అంత చదివినోడు తన లోపం తనే అద్దం కింద పెట్టి చూసుకుంటాండాడు, ఎంత నిజాయితీపరుడో అనుకొనింది. ఆ నిజాయితీని ఆళ్లగడ్డంతా పంచింది. రహస్యంగానేలే, ఒక్కొక్కరికి విడివిడిగా.

రహస్యం తిరిగి తిరిగి నంద్యాల చేరింది. ఎస్తేరు నోరు మూతబడింది.

మగచేప కడుపులో తెల్లగా మీగడ లాంటిది ఉంటాది చూడు, అది మగోళ్లకు బలమని ఆళ్లగడ్డోళ్ల నమ్మకం. నతానియేలు అత్తగారింటికొచ్చిన ఆదివారం ఇంటింటి నుంచి దాన్ని వేయించి గిన్నెలు పంపినారు. ఆయన మూతలు తీసి తల పట్టుకున్నాడు.

"అయ్యో, వేయించేస్తే ఎట్లా? నాకు పచ్చిది కావాల!"

గిన్నె తెచ్చిన పక్కింటి విజయమ్మ కండ్లు తుడుచుకొనింది. "పచ్చిదే తింటాడంట, ఎంత కష్టమొచ్చె పిల్లోనికి" అని బజారంతా చెప్పింది.

మరుసటి వారం ఆయన మళ్లా వచ్చేసరికి దొర్నిపాడు నుంచి కూడా బకెట్లలో బతికుండే మగచేపలు దిగినాయి. నతానియేలు సంతోషం పట్టలేక అత్తను కూర్చోబెట్టి చెప్పుకున్నాడు.

"బొమ్మిడాయి పాము మాదిరి ఉంటాది. మలుగు చేప కూడా పాము మాదిరే. చూసినోళ్లు రెండూ అన్నదమ్ములంటారు. బీజం చూస్తే దాని తల తీరు వేరే, దీని తోక తీరు వేరే. కోట్ల ఏండ్ల కిందనే విడిపోయిన వంశాలత్తా! బతికే తావును బట్టి పైరూపు మారిపోతాది. బీజం ఒక్కటే సాక్షి అననులే, పెద్ద సాక్షే."

శాంతమ్మ మధ్యలోనే అందుకొనింది. "ఆ పొద్దు నేను చూసినవి?"

"చేపవే. ఇంకెవరివనుకున్నావు?"

పాపం, ఏడ్చుకుంటా అంతా చెప్పింది. ఆయన చెవులు ఎర్రబడినాయి. "నావనుకున్నావా అత్తా?" అన్నాడు. బకెట్ల వంక చూసినాడు, లేచి చేపలకు నీళ్లు మార్చినాడు. కోపం చేస్తే చేపలు ఆగిపోతాయనుకున్నాడో, భార్య గుర్తొచ్చిందో, ఆయనకే తెలియాల.

క్రిస్మస్ వచ్చింది, శాంతమ్మా నంద్యాలకు పోయింది. ఆరాధన అయినాక చర్చి ముందరే ఎస్తేరు కొడుకును నిలేసింది.

"ఒరే, మీ కాలేజీ అయ్యవారొకడు చెప్పినాడు, నువ్వు చూసేది చేపలవంట గదరా! నిజం చెప్పు, అవి నీవా, చేపలవా?"

చెప్పులు వేసుకుంటాండే జనం అట్లే ఆగిపోయినారు. శాంతమ్మ కొంగు నోట్లో కుక్కుకొనింది. అరుణకుమారి నేల చూపులు చూసింది. చేపకు చేప ఏమవుతాదో తేల్చేదానికి నతానియేలుకు ఏండ్లు పట్టింది గానీ, తన భార్యకు తానేమవుతాడో తేల్చుకునేదానికి ఒక్క చూపు సరిపోయింది.

"ముందు నావే చూసుకున్నానమ్మా," అన్నాడు. "చేపల్ని తర్వాత మొదలుపెట్టినా."

ఎస్తేరు కోడలి చెయ్యి పట్టుకొనింది. "పా ఇంటికి. అన్నానికి పొద్దుపోతాంది," అనింది. తోలేసే మాట మళ్లా ఎత్తలేదు.

ఆయన చెప్పింది నిజమా, అబద్ధమా అని నిన్నూ అడుగుతారు అమ్మీ. తెలీదని చెప్పు. అరుణకుమారే బతికినన్నాళ్లూ అడగలేదు, మనమెందుకు? యాడన్నా పిల్లల్లేరని ఒక కోడల్ని నలుగురిలో నిలేస్తాంటే మాత్రం, నువ్వు నోరు మూసుకోని కూచోవద్దు. ఈ కథ మరిచిపోకుండా ఆడ చెప్పు.