రాకడ పటం

నేను ఒక పటాన్ని. ఆరు గజాల కోరాగుడ్డ మీద రంగులతో వేసిన, క్రీస్తు రెండో రాకడ పటాన్ని. లోకాంతం వస్తున్నదని ప్రకటించేవాడు ఆ మాటను తాను మాత్రం నమ్మడని విజ్ఞులలో ఒక గట్టి నమ్మకం ఉంది. నలభై ఏళ్ళుగా ప్రసంగికుల వెనక గోడకు వేలాడుతున్నాను కనుక, దాన్ని పరీక్షించే అవకాశం నాకు దక్కింది.

నన్ను వేసినవాడు నాటకాల తెరలు వేసే చిత్రకారుడు. అందుచేత నాలోని పరలోక పట్టణానికి రాజదర్బారు స్తంభాలు వచ్చాయి. ఏడు తలల మృగానికి ఏడు జతల మీసాలు మొలిచాయి. కుడి మూల కడబూర ఊదే దూత. అతని పాదాల కింద, తేదీ రాసుకోవడానికి ఖాళీగా వదిలిన ఒక గడి. ఆ దినం ఎవరికీ తెలియదని లేఖనమే చెబుతుంది. అయినా గడి వేయించారు.

నా మొదటి యజమాని ఊరూరా తిరిగే సువార్తికుడు. గడిలో తేదీ రాసిన వారంలోనే తన సైకిలుకు రెండు కొత్త టైర్లు వేయించాడు. రెండో ఆయన, తాను చెప్పిన గడువుకు నెల ముందు పెరట్లో కొబ్బరి మొక్కలు నాటించాడు. అవి కాపుకు రావడానికి ఏడేళ్ళు పడుతుంది. ఇద్దరి తేదీలూ దాటిపోయాయి. వాటి మీద తెల్లరంగు పడింది. అనుమానం నాకు అలా అబ్బింది.

మూడో యజమాని జకర్యాగారు. గోదావరి కాలవ గట్టున, పదకొండు కుటుంబాల చిన్న సంఘానికి పాస్టరు. ఆయన ఇంటి ముందుగదే ప్రార్థన మందిరం. రాకడ జూలై రెండో ఆదివారమని లెక్కకట్టి గడిలో రాశాడు. "ఈ ఏడు ఆకుమడి పోసినవాడు ప్రభువును శంకించినవాడే" అన్నాడు. ఆకుమడిలో నారు పెంచకపోతే ఊడ్పు లేదు, ఊడ్పు లేకపోతే పంట లేదు. సంఘమంతా ఆమెన్ అంది. అందరికంటే గట్టిగా అన్నవాడు సంఘపెద్ద ఏలీషా.

ఆ ఇంటికి ఏడాది తిండి వాళ్ళ అరెకరం నుంచే రావాలి. విత్తనాల బస్తా నాకు ఎదురుగానే ఉండేది. ఒక ఉదయం జకర్యాగారి భార్య సలోమి దాని పక్కన నిలబడి అడిగింది.

"కాలవకి నీళ్ళొచ్చి ఆరు రోజులైందండి. విత్తనం నానబోత్తాను."

"ఎవరు కొయ్యాలని?"

"మనం కొయ్యకపోతే పిట్టలు తింటాయి. నాలుగు గింజలు మొలకెత్తితే దేవుడికేం అడ్డమొత్తది?"

"దేవుడికి కాదు సలోమీ, నా మాటకి."

ఈ మాటను నేను నమ్మలేదు. ఏదో ఒక పూట ఆయనే ఆ బస్తాను చాటుగా పొలానికి చేరవేస్తాడని కాచుకుని ఉన్నాను.

ఈలోగా కాలవ అవతలి ఊళ్ళో సభకని ఏలీషా నన్ను చుట్టి సైకిలుకు కట్టుకుని బయలుదేరాడు. దారిలో తన బావమరిది పొలం దగ్గర దిగి, నారు పెరుగుతున్న ఒక పచ్చని ఆకుమడికి నీరు మళ్ళించాడు.

"మా అయ్యగారు ఇటేపొత్తే ఈ ఆకు నీదని చెప్పు."

"మరి ఆమెనన్నావంట గదా బావా?"

"ఆమెనుకి నీళ్ళక్కర్లేదురా. ఆకుమడికి కావాలి."

బావమరిది నవ్వి, వరసగా ఉన్న మళ్ళను చూపించాడు. "నువ్వొక్కడివే అనుకుంటన్నావా? మీ సంఘమంతా ఇక్కడే ఉంది." నేను లెక్కపెట్టాను. పదకొండు మళ్ళు.

నేను తిరిగి గోడకెక్కిన మర్నాడే విత్తనాల బస్తా మాయమైంది. నా అనుమానం నెగ్గిందనుకున్నాను. సాయంత్రానికి అది బియ్యమై మిల్లు నుంచి తిరిగి వచ్చింది. గడువుకు ముందు ఆదివారం ఆ బియ్యంతోనే సంఘమంతటికీ ప్రేమవిందు. అన్నం సలోమి వండింది, జకర్యాగారు స్వయంగా వడ్డించాడు. ఏలీషా మారు అడిగి పెట్టించుకున్నాడు.

రెండో ఆదివారం తెల్లవారుజాము నుంచి పొద్దుగుంకేదాకా జకర్యాగారు తెల్లబట్టల్లో గుమ్మంలో నిలబడ్డాడు. మధ్యాహ్నం దాటాక తక్కినవారు ఒక్కొక్కరే ఇళ్ళకు వెళ్ళారు.

సోమవారం ఆయన తెల్లబట్టలు మడతపెట్టి సలోమిని పిలిచాడు.

"ఎవరినన్నా అడిగి కాస్త ఆకు తెత్తావా?"

"ఎవరూ పొయ్యొద్దంటిరి గదా మీరు" అంది సలోమి.

బుధవారం పదకొండు కుటుంబాలవారూ మళ్ళలో పీకిన ఆకుకట్టలు నెత్తిన పెట్టుకుని మందిరం ముందునుంచే నడిచారు. అయ్యగారు గుమ్మంలో ఉన్నాడు. అందరూ వందనాలు చెప్పారు. సలోమి ఎదురెళ్ళి ఏలీషాను ఆపింది.

"మాకో పది కట్టలు మిగులుతాయా పెద్దయ్యా?"

"మాకే చాలీచాలకుండా ఉందమ్మగారూ. ఊడ్పుకి మనుషులు తక్కువయ్యారు గానీ."

ఆ సంవత్సరం సంఘంలో పదకొండు కుటుంబాలు ఊడ్చాయి. సలోమి ఏలీషా చేలో ఊడ్పు కూలికి వెళ్ళింది. జకర్యాగారి అరెకరం బీడు పడింది.