మేక ఎరువులో చిక్కుడు మొలక

ఆదివారం ఉదయం ఏడు గంటలకు పెద్దకోడలి నారు చచ్చిపోయింది. చచ్చిపోయిందన్నది ఆవిడ మాట. మొక్కలు నిలబడే ఉన్నాయి. కాకపోతే టమాటా ఆకులు లోపలికి ముడుచుకున్నాయి, కాడలు మెలి తిరిగాయి. వంగ, మిరప కూడా అంతే. బల్లల మీద ట్రేలన్నిటిలో అదే తీరు.

"ఏమే, ఒకసారి ఇటు రా," అని ఆవిడ గోడ మీంచి పిలిచింది.

చిన్నకోడలు మేకలకు ఎండుగడ్డి వేస్తోంది. ముందురోజు ఆసుపత్రి లాండ్రీలో రెండు షిఫ్టులు చేసి వచ్చింది. చేతిలో గడ్డి చేతిలోనే ఉండగా గోడ దగ్గరికి వెళ్లి చూసింది. చూసి, నోటికి వచ్చిన మాట అనేసింది.

"నీళ్లు ఎక్కువ పోశావేమో అక్కా."

పెద్దకోడలు పదిహేనేళ్లుగా నారు పెంచి అమ్ముతోంది. ఆ మాట ఆవిడతో అంతవరకు ఎవరూ అనలేదు.

"నీళ్లు పొయ్యడం నువ్వు నేర్పుతావా నాకు? మట్టి అదే, విత్తనం అదే. మారింది నీ మేకల పెంటొక్కటే. మగ్గకుండానే ఇచ్చావు."

"మగ్గింది అక్కా. మూడుసార్లు తిరగేశాను కూడా."

"తిరగేశావో, అటు తిరిగి పడుకున్నావో నాకేం తెలుసు? రేపట్నించి అత్తయ్యని నువ్వే చూసుకో. నాకు నా ట్రేలు చాలు."

అన్నదమ్ముల ఇళ్లు పక్కపక్కనే. మధ్యలో నడుమెత్తు గోడ, ఆ గోడకో చిన్న గేటు. అన్నదమ్ములిద్దరూ ఒకే లారీని మార్చి మార్చి తోలుతారు, నెలకు రెండుసార్లు ఇల్లు చేరతారు. అత్తకు ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఆవిడ ఉండేది చిన్నకోడలి దగ్గర. మధ్యాహ్నం పూట పెద్దకోడలు గేటు తీసుకుని వచ్చి అన్నం పెట్టి, మాత్రలు వేసి, బాత్రూముకు తీసుకెళ్లి పడుకోబెట్టి పోయేది. చిన్నకోడలు పెరట్లో మేకల పెంటికలు, కోళ్ల పెంట, రాలిన ఆకు కలిపి కుప్ప వేసి, మగ్గాక ఆవిడ నారుకు ఇచ్చేది. దీనికది అని ఎవరూ అనుకోలేదు. అలా జరిగిపోతూ వచ్చింది.

సోమవారం నుంచి చిన్నకోడలు భోజనం విరామంలో ఇంటికి పరుగెత్తడం మొదలుపెట్టింది. విరామంలో సగం బస్సే తినేసేది. నిలబడే అత్తకు తినిపించి, నిలబడే తను రెండు ముద్దలు తిని, మళ్లీ బస్సు ఎక్కేది. మొదటిరోజే ఆలస్యమైంది. రెండోరోజూ అయింది. మూడోరోజు సూపర్‌వైజరు దుప్పట్ల బండి పక్కన ఆగాడు.

"రోజూ ఇలాగైతే కుదరదమ్మా. నెలాఖరుదాకా చూస్తాను. తర్వాత వేరేవాళ్లని పెట్టుకోవాల్సి వస్తుంది."

ఆమె సరేనంది.

ఆ సాయంత్రం పెరట్లో కుప్ప మీద పరదా తీసి చెయ్యి లోపలికి పెట్టింది. వేడి లేదు. పిడికెడు తీసి వాసన చూసింది. వానకు తడిసిన మట్టి వాసన. పెంటికలు నలిపితే పొడి అయ్యాయి. మగ్గలేదనడానికి ఏమీ కనిపించలేదు.

గోడ అవతల పెద్దకోడలు ట్రేలను బోర్లించి పారేసింది. చిన్నకోడలు వంగి ఆ మట్టి చూసింది. టమాటా మొక్కలు మెలికలు పడి ఉన్నాయి. వాటి మధ్యలో గడ్డి పరకలు మొలిచాయి. అవి తిన్నగా ఉన్నాయి. ఆవిడ ఆ ఎరువే వేసి గోడవార నాటిన మొక్కజొన్న కూడా తిన్నగానే ఉంది. పచ్చి పెంట వేడికి మాడితే అన్నీ మాడాలి. నీళ్లు ఎక్కువైతే అన్నీ కుళ్లాలి. గడ్డి జాతిని వదిలి, మిగతా వాటినే పట్టుకున్నది ఏమిటి?

కిటికీ దగ్గర మంచం మీంచి అత్త కేకేసింది.

"ఏం వెతుకుతున్నావే అక్కడ? పోయింది నారేగా, నగలు కావుగా!"

"ఏం లేదత్తయ్యా."

"మేకలు మేస్తాయి, నువ్వు మోస్తావు, పెద్దది మొలకెత్తిస్తుంది. ఈ ఇంట్లో పని లేనిదాన్ని నేనొక్కదాన్నే. ఇప్పుడు నాకూ పని పెట్టారు, మీ ఇద్దరి మూతులూ చూడ్డం."

గురువారం ఆమె రెండు స్టాపుల ముందే దిగి మేత కొట్టుకు వెళ్లింది. ఎండుగడ్డి అక్కడే కొంటుంది. వానలు తగ్గాక వచ్చిన మోపుల్లో కలుపు అనేదే లేదు. మేకలు పరక మిగల్చకుండా తిన్నాయి. అప్పట్లో సంతోషించింది.

"ఈ గడ్డిలో కలుపెందుకు లేదన్నా?" అని అడిగింది.

కొట్టాయన తవుడు తూస్తున్నాడు. "మంచిదేగా! మందు కొడతారమ్మా. వెడల్పాకుల కలుపు పోతుంది, గడ్డికేం కాదు. తిన్న పశువుకీ ఏం కాదు. ఏం, మేకలకేమైనా అయిందా?"

"లేదు. మేక తిని పెంటికలు వేశాక ఆ మందు ఏమవుతుంది?"

ఆయన తవుడు గిన్నె కింద పెట్టాడు. "ఆ మాట నన్నింతవరకు ఎవరూ అడగలేదు," అన్నాడు.

గడ్డి పండించినతనికి అక్కడి నుంచే ఫోను చేశాడు. అటువైపు మాటలు ఆమెకు వినపడలేదు. ఫోను పెట్టేసి ఆయన చెప్పాడు: ఆ గడ్డి తిన్న పశువుల పెంట కూరగాయలకు వెయ్యొద్దని మందు డబ్బా మీదే ఉందట. మగ్గబెట్టినా ఆ మందు తొందరగా పోదట. అనుమానముంటే చిక్కుడు గింజలు పాతి చూడమన్నాడట, చిక్కుడు మొలక ముందుగా ముడుచుకుంటుందట.

"నాకూ ఇప్పుడే చెప్పాడమ్మా. నా మీద కోపం పెట్టుకోకు."

"కోపానికి ఓపిక కావాలిగా అన్నా," అని ఆమె బస్సు స్టాపుకు నడిచింది.

ఇంటికి వచ్చి ఆరు కుండీలు తీసింది. మూడింట్లో ఉత్త మట్టి, మూడింట్లో కుప్పలోని ఎరువు కలిపిన మట్టి. అన్నిట్లో చిక్కుడు గింజలు పాతి గోడ మీద వరసగా పెట్టింది. మొలకలు తిన్నగా వస్తే తప్పు అక్కది. ముడుచుకుంటే తన పెరటిది. ఏది తేలినా మధ్యాహ్నం అత్తకు అన్నం పెట్టేవాళ్లు దొరుకుతారన్న నమ్మకం లేదు. అయినా పెట్టింది.

పెద్దకోడలు గోడ పక్కనుంచి రోజూ పోయేది, అవేమిటని అడగలేదు. రెండు మూడు రోజులకు ఒక సాయంత్రం చిన్నకోడలు చెంబుతో వెళ్లేసరికి ఆరు కుండీలూ తడిసి ఉన్నాయి.

"నువ్వేమైనా పోశావా అత్తయ్యా?"

"ఆ, లేచి గోడ దూకి పోశాను," అంది అత్త.

ఆ తర్వాత చిన్నకోడలు వాటికి నీళ్లు పొయ్యలేదు. అవి మాత్రం ఎండలేదు.

మొలకలకు అసలు ఆకులు విచ్చుకున్న వారం, సెలవు రోజు ఉదయం ఆమె గోడ దగ్గర నిలబడి పిలిచింది. పెద్దకోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఉత్త మట్టిలో చిక్కుడు ఆకులు చదునుగా ఉన్నాయి. ఎరువు మట్టిలో ముడుచుకున్నాయి.

"నీళ్లు కాదక్కా. నా ఎరువే," అంది చిన్నకోడలు. గడ్డి సంగతి, మందు సంగతి, కొట్టాయన చెప్పింది చెప్పినట్టు చెప్పింది. "ఆ రోజు నీళ్ల మాట అనకుండా ఉండాల్సింది."

పెద్దకోడలు ఒక్కో కుండీలో ఆకును వేలితో ఎత్తి చూసింది.

"ఆరింటికీ ఒకే గ్లాసుతో పోశాను," అంది.

"తెలుసు."

"నారు పోతే మళ్లీ పోసుకుంటాను. నీళ్లు పొయ్యడం రాదన్నావు చూడు, అది నాకు మూడు రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు."

చిన్నకోడలు తల వంచుకుంది. "ముడుచుకోకముందు ఎవరికైనా అమ్మావా?" అని అడిగింది.

"ఇద్దరికి. స్కూలు తోటమాలి, రొట్టెల కొట్టాయన."

"నేను వెళ్లి చెప్తాను. పెంట నాది."

"నారు నాది. ఇద్దరం పోదాం పద, తిట్లు చెరిసగం పంచుకోవచ్చు."

తోటమాలి తిట్టలేదు. రొట్టెల కొట్టాయన ఇద్దరి వంతూ తిట్టాడు. తిరిగి వచ్చాక కుప్ప మీద పరదా కప్పి, అంచుల మీద ఇటుకలు పేర్చారు. దానిలోంచి పిడికెడు కూడా ఎవరికీ ఇవ్వకూడదనుకున్నారు. మిగిలిన మోపులు కొట్టుకు తిప్పి పంపారు. పెరటికి రెండోవైపు ఆకులు, కోళ్ల పెంట వేసి కొత్త కుప్పకు అడుగు వేశారు. మధ్యాహ్నాల సంగతి పెద్దకోడలు ఎత్తలేదు. చిన్నకోడలు అడగలేదు.

మర్నాడు భోజనం గంటకు చిన్నకోడలు బస్సు చిల్లర చేతిలో పట్టుకుని లాండ్రీ గేటు దాకా వచ్చింది. ఫోను మోగింది. అత్త.

"ఇవాళ కూరలో ఉప్పు లేదు. దాని చేతికి ఉప్పు డబ్బా అందదేమో అడుగు."

"అక్క వచ్చిందా?"

"రాకపోతే? నేను లేచి వండుకున్నానా?"

వెనక నుంచి పెద్దకోడలి గొంతు వినపడింది. "కబుర్లు తర్వాత, ముందు మాత్ర మింగమను."

చిన్నకోడలు లోపలికి తిరిగి వచ్చింది. ఉతకాల్సిన దుప్పట్ల మూటల మధ్య కూర్చుని అన్నం గిన్నె మూత తీసింది. గంట మోగాక పక్క మిషను ఆవిడ వచ్చి భుజం తట్టి లేపింది. గిన్నెలో అన్నం అలాగే ఉంది.