పేరు రాయక్కర్లేదు

"ఏమయ్యా ప్యో, ఏథెన్సు మన పుస్తకంలో ఎంత? అర పేజీ. పరీక్షలో ఎంత? ఒక్క మార్కు. ఆ ఒక్క మార్కు కోసం కొంపకి నిప్పెట్టావు గదయ్యా!"

హెడ్మాస్టరు గొంతు తగ్గించి తిట్టడం ప్యో మాస్టారు ఎప్పుడూ వినలేదు. మామూలుగా ఆయన తిట్లు ఆటస్థలం దాకా వినపడతాయి. ఇవాళ మాత్రం కిటికీ పక్కన ఒక మనిషి కూర్చుని బార్లీ టీ తాగుతున్నాడు. పొద్దున్నే జిల్లా కేంద్రం నుంచి జీపులో వచ్చిన నిఘా పోలీసు ఆఫీసరు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. జుట్టు నున్నగా దువ్వుకుని, పెళ్ళిచూపులకు వచ్చినంత మర్యాదగా ఉన్నాడు.

బల్ల మీద అరచేయంత జాడీ పెంకు. ఎవరింట్లోనో పాత పచ్చడి జాడీ పగిలితే మిగిలిన ముక్క. దాని మీద మేకుతో గీసిన అక్షరాలు: 'హెడ్మాస్టరు గారి గదిలో ఫొటోలో ఉన్నాయన.'

ఆ దేశాధ్యక్షుడి ఫొటో వాళ్ళ ముగ్గురి నెత్తి మీదే వేలాడుతోంది. ఫొటోలో ఆయన్ని పల్లెత్తు మాటన్నా జైలే. అత్యవసర శాసనం వచ్చాక ఆ దేశంలో సంగతి అలా ఉంది. సారా కొట్టులో నోరు జారిన గని కూలీ ఒకడు చలికాలంలో పోలీసుల వెంట వెళ్ళినవాడు, మంచు కరిగినా ఇల్లు చేరలేదు.

"ఇది ఎవరి చేతి రాతో మీకు తెలుసు కదా మాస్టారూ?" అన్నాడు ఆఫీసరు.

తెలుసు. అదే ప్యో మాస్టారి ఖర్మ.

గాంగ్వన్ కొండల్లోని ఆ బొగ్గు ఊళ్ళో ప్రపంచ చరిత్ర ఎవరికి కావాలి? అక్కడ ఏరు నల్లగా పారుతుంది. బొమ్మ గీయమంటే పసిపిల్లలు ఏటికి నల్లరంగే వేస్తారు. బాలికల హైస్కూల్లో చదివే పిల్లల్లో సగానికి పైగా గని కూలీల బిడ్డలు. రేపో మాపో బట్టల మిల్లుకి పోయేవాళ్ళకి రెండువేల అయిదువందల ఏళ్ళనాటి గ్రీకుల ఊసు చెప్పి ఒప్పించాలంటే, కొంచెం ఆట కలపక తప్పదు. ప్యో మాస్టారు ఆ ఆటే కలిపాడు.

"ప్రజల నెత్తికెక్కి కూర్చుంటాడని ఎవడి మీదైనా అనుమానం వస్తే, ఏథెన్సు వాళ్ళు కుండపెంకుల మీద వాడి పేరు గీకి వేసేవాళ్ళర్రా. ఎక్కువ పెంకులు వచ్చినవాడు పదేళ్ళు ఊరు విడిచి పోవాల్సిందే. రేపు తలా ఒక జాడీ పెంకు తెచ్చుకోండి. మనమూ ఎవర్నో ఒకర్ని తరిమేద్దాం."

"మా అమ్మ జాడీ పగలకొడితే మమ్మల్నే తరిమేస్తుంది మాస్టారూ!" అందో పిల్ల. తరగతంతా ఘొల్లుమంది.

నిన్న తెచ్చారు. మేకులూ పిన్నులూ పట్టుకుని కిర్రుకిర్రున గీకుతుంటే, ముందు బల్లలోంచి క్లాసు లీడరు మిన్ హ్వాజా లేచి అడిగింది. "కింద మా పేరు రాయాలా మాస్టారూ?"

"పేరు రాయక్కర్లేదు. ఎవరేం రాశారో ఎవరికీ తెలియకూడదు. ఆ ఏర్పాటులో గొప్పతనం అదే."

ఆ మాట ఆయన మనసారా అన్నాడు. ఏళ్ళ తరబడి పేపర్లు దిద్ది దిద్ది, ఆ పిల్లల అక్షరాలన్నీ తనకు కంఠతా వచ్చేశాయన్న సంగతి ఆ క్షణాన గుర్తే రాలేదు.

పెంకులు ఒక్కొక్కటీ తీసి పైకి చదివాడు. శీతాకాలం. లెక్కలు. బియ్యం పొదుపు చేయాలన్న సర్కారు హుకుం కోసం, అన్నం డబ్బా మూత తీయించి బియ్యంలో బార్లీ కలిపారా లేదా అని చూసే తనిఖీ. యుద్ధ శిక్షణలో గాయానికి కట్టు కట్టడం ఆలస్యమైతే పిక్కల మీద బాదే డ్రిల్లు మాస్టారికి అందరికన్నా ఎక్కువ పడ్డాయి. పిల్లలు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. ఆ నవ్వులో మాస్టారి చేతికి ఫొటో మాట ఉన్న పెంకు వచ్చింది. "శీతాకాలం" అని పైకి చదివి కిందపెట్టాడు.

నిలువు గీతలు కుడికి వాల్చి రాసే పిల్ల ఆ తరగతిలో ఒక్కతే, తక్ ఒక్‌బున్. తండ్రికి ఊపిరితిత్తుల నిండా బొగ్గు ధూళి పట్టి మంచం దిగడు. అన్న రాజధాని సియోల్లో కుట్టుమిషను పని చేసి ఆమె ఫీజు పంపేవాడు. కూలి పెంచమని మిల్లు గేటు ముందు కూర్చున్నందుకు వాణ్ణి పట్టుకుపోయారు. ఎక్కడున్నాడో ఇప్పటికీ తెలియదు. చెప్పుకోవడానికి ఆ పిల్లకి ఎవరున్నారు? మాస్టారు పెంకు ఇచ్చి రాయమంటే రాసింది.

పెంకులన్నీ పోగుచేసి సంచిలో వేసింది హ్వాజా. గని సూపర్‌వైజరు కూతురు. లీడర్లను పిల్లలు ఎన్నుకోవడం ఎత్తేసి చాలాకాలమైంది, హెడ్మాస్టరు ఎవరంటే వాళ్ళే. హ్వాజా చెడ్డపిల్ల కాదు. పోగు చేస్తూ ఆ పెంకు చూసింది, ఇంట్లో అన్నం తింటూ నవ్వుతూ తండ్రికి చెప్పింది. తండ్రి నవ్వలేదు. లేచి ఫోను దగ్గరికి వెళ్ళాడు.

"అందరిచేతా ఇదే వాక్యం రాయించండి," అన్నాడు ఆఫీసరు, టీ గ్లాసు కిందపెట్టి. "కాగితం మీద రాత వేరు, పెంకు మీద గీత వేరు అని రేపు కోర్టులో అంటారు. అందుకే మీ నోటి మాట కావాలి. పాఠం చెప్పిన గురువుగారు ఫలానా పిల్లదే అంటే ఇంక తిరుగుండదు. మీ పాఠం మాట మేం మర్చిపోతాం."

హెడ్మాస్టరు ప్యో మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు. "ఇద్దరు పిల్లలు గలవాడివి. ఒక్క పేరు చెప్పవయ్యా. నీ కాళ్ళు పట్టుకోమంటావా?"

తరగతిలో నవ్వు లేదు. వాక్యం చెప్పి రాయమన్నాడు ప్యో మాస్టారు. గుమ్మంలో ఆఫీసరు కారిడార్లోకి చూస్తూ సిగరెట్టు కాలుస్తున్నాడు. ముందు బల్ల దగ్గర మాస్టారి అడుగు ఆగిపోయింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయిన హ్వాజా ఎడంచేత్తో రాస్తోంది. అక్షరాలు కాకి గీతల్లా ఉన్నాయి. వెనకబల్ల పిల్లా ఎడంచెయ్యే. ఆ వెనకాలా అంతే. వరసలన్నీ నడిచి చూశాడు. పలక పట్టిన మొదటిరోజు పిల్లల్లా నాలుక బయటపెట్టి, అందరూ ఎడంచేత్తో గీస్తున్నారు. ఎవరు ఎవరికి చెప్పారో! ఆయనకి ఏడుపొచ్చింది.

చివరిబల్లలో ఒక్‌బున్ కుడిచేత్తో నింపాదిగా రాస్తోంది. అవే వాలు గీతలు.

మాస్టారు వంగి గుసగుసగా అన్నాడు. "పిచ్చిపిల్లా, చెయ్యి మార్చు."

"వద్దు మాస్టారూ. నా కోసం వీళ్ళందర్నీ బాదుతారు. రాసింది నేనే కదా."

"ఎవరికీ తెలియదని నీకు మాటిచ్చాను."

"మీరెవరికీ చెప్పలేదుగా," అంది ఆ పిల్ల. ఆయన్ని ఓదారుస్తున్నట్టే అంది.

కాగితాలు హెడ్మాస్టరు బల్ల మీదికి చేరాయి. ఆఫీసరు ఒక్కొక్కటీ తిప్పి, మొదట పళ్ళు నూరాడు, తర్వాత నవ్వాడు. కాకి గీతల మధ్యలో కుదురుగా రాసిన కాగితాన్ని కనిపెట్టడానికి చదువు కూడా అక్కర్లేదు. దాన్ని తీసి పెంకు పక్కన పెట్టాడు. రెండింటినీ మాస్టారి వైపు జరిపాడు.

"నేనూ మీలాంటి మాస్టారి దగ్గర చదువుకున్నవాణ్ణే లెండి. ఇబ్బంది పెట్టను. అవును అనండి చాలు."

ప్యో మాస్టారు చూశాడు. గుడ్డివాడికి కూడా తెలిసిపోయే పోలిక. కాదంటే ఏమవుతుందో ఆయనకి తెలుసు. కొలువు పోతుంది, గని వాళ్ళిచ్చిన ఇల్లు పోతుంది, తనను జీపెక్కిస్తారు. అయినా ఆ పిల్లను వదులుతారన్న ఆశ లేదు.

"కాదు," అన్నాడు.

హెడ్మాస్టరు తల పట్టుకున్నాడు. ఆఫీసరు ముఖంలో మర్యాద చెదరలేదు.

"మళ్ళీ చూడండి మాస్టారూ. తొందరేం లేదు."

"చూశాను. కాదు."

ఆఫీసరు లేచి కిటికీలోంచి డ్రైవరుకి సైగ చేశాడు. బయట జీపు మోత మొదలైంది. జీపులో ఒకరికి చోటుందో, ఇద్దరికి ఉందో ప్యో మాస్టారికి తెలియదు. కోటు గుండీలు పెట్టుకుని లేచి నిలబడ్డాడు.